చంద్రయాత్ర మాటలు - మన పిల్లలు

(మన సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



ప్రతి ఏడూ యీ సభలో ఉపకార వేతనాల గురించీ, పేదింటి ఆడపిల్లల పెళ్ళిళ్ళ సాయం గురించీ, కబరస్తాన్ ప్రహరీ గోడ గురించీ మాట్లాడుకోవడం మామూలు. ఆ లెక్కలన్నీ కార్యదర్శిగారి నివేదికలో వున్నాయి. ఈసారి మమ్మల్ని చదువుల గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. "బాగా చదువుకోండి బాబూ" అని చెప్పి కూర్చోవచ్చు గాని, ఆ ముక్క అందరూ చెప్పేదే. అందుచేత మేము ఒక్క విషయం పట్టుకొని, అందులో వాడే మాటలు మాత్రం విప్పి చెప్పదలచుకున్నాము. ఆ విషయం చంద్రయాత్ర. మన సంఘానికీ చంద్రుడికీ ఏమి సంబంధమని వెనక వరుసలో కొందరు నవ్వుతున్నారు. నవ్వండి, కాని వినండి.

ఉప్పల్‌లో మెట్రో ఎక్కితే స్టేడియం తర్వాత వచ్చే స్టేషను ఎన్.జి.ఆర్.ఐ. "అదేమిటి బేటా?" అని మన పిల్లల్ని అడిగితే "స్టేషన్" అంటారు. అది జాతీయ భూభౌతిక పరిశోధనా సంస్థ. 1961లో ఏర్పడింది. భూకంపాలు, భూమి లోపలి పొరలు, నేల కింద నీళ్ళు, యివన్నీ అక్కడ పరిశోధిస్తారు. ఇటు నాచారం నుంచి మల్లాపూర్ మీదుగా పోతే ఇ.సి.ఐ.ఎల్. వస్తుంది. బస్సు బోర్డు మీద ఆ పేరు వెయ్యిసార్లు చూసి వుంటాము. అది 1967లో మొదలైన ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ కర్మాగారం. చంద్రుడి దగ్గర నుంచి మన నౌకలు పంపిన కబురు విన్న పెద్ద చెవి అక్కడివాళ్ళ పనితనమే. ఆ కథ తర్వాత చెబుతాము. ఇప్పటికి చెప్పేదేమిటంటే, యీ గోడల పక్క నుంచే మన పిల్లలు రోజూ పోతారు, లోపల ఏమి జరుగుతుందో తెలియకుండా పోతారు. తెలియకపోవడానికి తెలివి లేకపోవడం కారణం కాదు. మాటలు రాకపోవడం కారణం.

మా బస్తీలో ఒక అమ్మాయి వుంది, పేరెందుకు. పదో తరగతి ఉర్దూ మీడియంలో మంచి మార్కులతో పాసైంది. లెక్కల్లో చురుకు. ఇంటరులో ఎం.పి.సి. తీసుకొని ఇంగ్లీషు మీడియంలో చేరింది. దసరా సెలవులు రాకముందే అది మానేసి సి.ఇ.సి.కి మారిపోయింది. ఏమమ్మా అని అడిగాము. "రఫ్తార్, కశిశ్ అంటే నాకు తెలుసు చాచా. సారు వెలాసిటీ, గ్రావిటేషన్ అని చకచకా చెప్పుకుపోతుంటే అవీ యివీ ఒకటేనని నాకు తెలిసేసరికి ఆ పాఠం అయిపోయేది" అన్నది. సి.ఇ.సి. తక్కువ చదువని మేము అనడం లేదు. కాని యిష్టపడి మారడం వేరు, మాటలు దాటలేక మారడం వేరు. తెలుగు మీడియం నుంచి వచ్చిన పిల్లలకూ యిదే బాధ. వాళ్ళకు వేగం, గురుత్వాకర్షణ తెలుసు. మన పిల్లలకు యింట్లో ఒక మాట, వీధిలో ఒక మాట, పరీక్షలో ఒక మాట. మూడింటినీ ఒక తాటి మీదికి తెచ్చేవాళ్ళు లేరు. అందుకే ఆదివారం ట్యూషనులో మేము కొద్ది నెలలుగా ఒక పని పెట్టుకున్నాము. ఏ కొత్త మాట వచ్చినా మూడు భాషల్లోనూ పలకపై రాయించి, అర్థం మామూలు మాటల్లో చెప్పించడం. ఇవాళ మీకు వినిపించేది ఆ పలక మీది సరుకే.

మాట తెలిసి అర్థం తెలియకపోతే ఏమవుతుందో మన పెద్దవాళ్ళకు అనుభవమే. స్కైలాబ్ జ్ఞాపకం వుందా? 1979 జులై. అమెరికావాళ్ళు 1973లో పైకి పంపిన అంతరిక్ష కేంద్రం అది, బరువు 77 టన్నుల దాకా. అది కిందికి జారుతున్నదని రేడియోలో చెప్పారు. ఎక్కడ పడుతుందో కచ్చితంగా చెప్పలేకపోయారు. ఇంకేముంది, లోకం ముగిసిపోతుందని మన తెలంగాణ పల్లెల్లో మేకల్ని, కోళ్ళను కోసుకు తిన్నవారున్నారు. ఉన్నది అమ్ముకొని ఖర్చు పెట్టినవారున్నారు. ఆ రోజుల్లో పుట్టిన పిల్లలకు స్కైలాబ్ అని పేరు పెట్టుకున్నారు. తీరా జులై 11న అది హిందూ మహాసముద్రం మీదుగా ముక్కలై, కొన్ని ముక్కలు పడమటి ఆస్ట్రేలియాలో పడ్డాయి. ఆ మాట ప్రతి యింటికీ చేరింది. "కక్ష్య" అంటే ఏమిటో, పైన తిరిగేది ఎందుకు జారుతుందో చెప్పే మాట మాత్రం చేరలేదు. తిన్న మేకలు తిరిగిరాలేదు.

కాబట్టి మొదటి మాట కక్ష్య. ఉర్దూలో మదార్, ఇంగ్లీషులో ఆర్బిట్. చార్మినార్ ఎక్కి ఒక రాయి విసిరారనుకోండి. లాడ్‌బజారులో పడుతుంది, ఎవరికో తగిలి గొడవ అవుతుంది. ఇంకా గట్టిగా విసిరితే ఉప్పల్‌లో పడుతుంది. మరీ బలంగా విసిరితే విజయవాడలో. రాయి పడుతూనే వుంటుంది, భూమి గుండ్రంగా వంగుతూనే వుంటుంది. రాయి పడే వంపూ భూమి వంపూ సరిపోయేంత వేగం యిస్తే ఆ రాయి ఎప్పటికీ నేలకు తగలదు, చుట్టూ తిరుగుతుంది. అదే కక్ష్య. దానికి సెకనుకు సుమారు 8 కిలోమీటర్ల వేగం కావాలి. ఉప్పల్ చౌరస్తాలో మెట్రో ఎక్కి కూర్చునేలోపల తార్నాక దాటిపోయినట్టు. ఇక్కడి గాలిలో ఆ వేగంతో పోతే రాయి కాలిపోతుంది గనక గాలి పలచబడ్డ ఎత్తుకు తీసుకుపోయి విసరాలి. రాకెట్టు చేసేది ఆ రెండు పనులే, పైకి తీసుకుపోవడం, పక్కకు విసరడం. స్కైలాబ్ వున్న ఎత్తులో కూడా పలచని గాలి కొద్దిగా వుంది. ఆ గాలి రాపిడికి ఏళ్ళ తరబడి వేగం తగ్గి జారింది. అంతే సంగతి.

ఇక్కడే ఒక చిక్కు మాట వుంది. భారరహిత స్థితి. ఉర్దూలో బేవజనీ. అంతరిక్ష కేంద్రంలో మనుషులు తేలుతుంటే అక్కడ గురుత్వాకర్షణ లేదని పిల్లలు రాస్తారు, కొందరు మాస్టర్లూ అలాగే చెబుతారు. అది తప్పు. 400 కిలోమీటర్ల ఎత్తులో భూమి ఆకర్షణ యిక్కడి దానిలో నూటికి సుమారు 90 వంతులు వుంటుంది. మరి ఎందుకు తేలుతారు? నౌకా, అందులోని మనిషీ, అతని చేతిలోని చెంచా అన్నీ ఒకే వేగంతో పడుతున్నాయి గనక. నుమాయిష్‌లో జెయింట్ వీల్ పై నుంచి దిగేటప్పుడు కడుపులో తేలినట్టు వుంటుందే, ఆ ఒక్క క్షణాన్ని రోజుల తరబడి సాగదీస్తే బేవజనీ. 1984 ఏప్రిల్ 3న సోయుజ్ టి-11లో వెళ్ళిన రాకేశ్ శర్మగారు అలా దాదాపు ఎనిమిది రోజులు వున్నారు. ఆయన చదువుకున్నది మన హైదరాబాదులోనే, సెంట్ జార్జెస్ గ్రామర్ స్కూల్లో, నిజాం కాలేజీలో. 2025 జూన్‌లో శుభాంశు శుక్లా అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికి వెళ్ళి జులైలో తిరిగివచ్చారు.

పలాయన వేగం అనే మాట పిల్లలకు భలే నచ్చింది, దొంగ పారిపోతున్నట్టు వుందని. నిజానికి అదే అర్థం. సెకనుకు 11.2 కిలోమీటర్ల వేగం అందుకున్న వస్తువు భూమి పట్టు నుంచి పారిపోగలదు. చంద్రుడి దాకా పోవాలన్నా దాదాపు అంత వేగం కావాలి. అది ఒక్కసారిగా యివ్వడం ఖర్చు. అందుకని చంద్రయాన్-3ను 2023 జులై 14న శ్రీహరికోట నుంచి పంపినప్పుడు ముందు కోడిగుడ్డు ఆకారపు కక్ష్యలో పెట్టారు. భూమికి దగ్గరగా వచ్చినప్పుడు 170 కిలోమీటర్లు, దూరం పోయినప్పుడు సుమారు 36,500 కిలోమీటర్లు. దగ్గరికి వచ్చినప్పుడల్లా ఇంజను కొద్దిసేపు మండించి, ఉయ్యాల ఊపినట్టు ఊపు పెంచుకుంటూ పోయి ఆగస్టు 1న చంద్రుడి వైపు తోశారు. ఆగస్టు 5న అది చంద్రుడి కక్ష్యలోకి చేరింది.

ఈ దగ్గరి చోటును ఇంగ్లీషులో పెరిజీ, దూరపు చోటును అపోజీ అంటారు. ఉర్దూలో హజీజ్, ఔజ్. ఔజ్ అనే మాట మన యిళ్ళలో కొత్తది కాదు, బాగా పైకొచ్చినవాణ్ణి ఔజ్ మీద వున్నాడంటాము. ఇప్పుడు వినండి. మన పంచాంగాల్లో గ్రహం ఉచ్చలో వుంది అంటారు చూడండి, ఆ సంస్కృతపు ఉచ్చే అరబ్బీ ఖగోళ గ్రంథాల్లోకి పోయి ఔజ్ అయిందనీ, అక్కడి నుంచి లాటిన్‌లోకి పోయిందనీ పండితులు చెబుతారు. అంటే పక్కింటి శాస్త్రిగారి మాటా మన మౌల్వీసాబు మాటా ఒకే తల్లి పిల్లలు. ఫలానా మాట మాది, ఫలానాది మీది అని తగువులాడేవాళ్ళు యీ ఒక్క మాట కథ చదివితే చాలు.

ల్యాండర్ అంటే దిగేది, రోవర్ అంటే దిగాక తిరిగేది. చంద్రయాన్-3లో మొదటిది విక్రమ్, రెండోది ప్రజ్ఞాన్, 26 కిలోలు. సాఫ్ట్ ల్యాండింగ్ అంటే మెత్తగా దిగడం. చంద్రుడి మీద గాలి లేదు గనక గొడుగు విప్పి దిగడం కుదరదు. 30 కిలోమీటర్ల ఎత్తున సెకనుకు 1.68 కిలోమీటర్ల వేగంతో పోతున్నదాన్ని, ఇంజన్లు ఎదురుగా మండించి సుమారు 19 నిమిషాల్లో మనిషి నడక వేగానికి తేవాలి. 2019 సెప్టెంబరులో చంద్రయాన్-2 ల్యాండర్ నేల దగ్గరదాకా పోయాక సంబంధం తెగిపోయింది. 2023 ఆగస్టు 23న సాయంత్రం 6 గంటల 4 నిమిషాలకు చంద్రయాన్-3 దక్షిణ ధ్రువానికి దగ్గరి ప్రాంతంలో దిగింది. ఆ 19 నిమిషాలూ యిక్కడి నుంచి ఎవరూ దాన్ని నడపలేదు. చంద్రుడు సగటున 3,84,400 కిలోమీటర్ల దూరం. రేడియో కబురు పోవడానికి 1.3 సెకన్లు, తిరిగి రావడానికి మరో 1.3. "జాగ్రత్త" అని చెప్పేలోపల పడిపోతుంది. తనంతట తానే చూసుకొని దిగింది.

ఆ కబురు వినేది ఎవరు? బెంగుళూరుకు సుమారు 40 కిలోమీటర్ల దూరంలో బ్యాలాలు అనే ఊరుంది. అక్కడ 32 మీటర్ల వ్యాసం గల గిన్నె ఆకారపు ఆంటెన్నా వుంది. పదంతస్తుల మేడను పక్కకు పడుకోబెట్టినంత అడ్డం. 2008లో చంద్రయాన్-1 కోసం దాన్ని సిద్ధం చేశారు. ఇస్రో, బి.ఎ.ఆర్.సి.లతో కలిసి దాన్ని తయారుచేసి నిలబెట్టింది మన ఇ.సి.ఐ.ఎల్. నౌక నుంచి వచ్చే సంకేతం యిక్కడికి చేరేసరికి ఎంత బలహీనమవుతుందంటే, అంత వెడల్పు గిన్నె పట్టి ఒకచోట కూడగడితే గాని వినపడదు. అంతటి యినుప గిన్నె చంద్రుడితోపాటు వెంట్రుకవాసి తేడా లేకుండా తిరగాలి. అది ఎటు తిరగాలో చెప్పడానికి రెండు కోణాలు కావాలి. పైకి ఎంత ఎత్తాలి అన్నది ఎలివేషన్. చుట్టూ ఏ దిక్కుకు తిప్పాలి అన్నది అజిమత్. ఈ అజిమత్ అరబ్బీ మాట, అస్సుమూత్, దిక్కులు అని అర్థం. దాని ఏకవచనం సమ్త్. "కిస్ సమ్త్ జారే?" అని మనం యింట్లో అంటూనే వుంటాము. నడినెత్తిని చెప్పే జెనిత్ కూడా ఆ సమ్త్ నుంచే వచ్చింది. మన నానీ నోటి మాట వెయ్యేళ్ళు లోకం తిరిగి ఇ.సి.ఐ.ఎల్. ఇంజనీరు బల్ల మీద వున్నది. ఆ బల్ల ముందు కూర్చునే అవకాశం మన అమ్మాయికి లేకపోతే అది మాట తప్పా?

ఇక చంద్రుడి నేల. ట్యూషనులో ఒక పిల్లవాడు అడిగాడు, "చాంద్ మీద సముద్రాలున్నాయని పుస్తకంలో వుంది, నీళ్ళు ఎండిపోయాయా?" అని. వాడి తప్పేమీ లేదు. పూర్ణచంద్రుణ్ణి చూస్తే నల్లని మచ్చలు కనిపిస్తాయి. తెలుగువారు అందులో కుందేలును చూశారు. మన యిళ్ళలో రాట్నం వడికే ముసలమ్మను చూశారు. దుర్భిణీలు కొత్తగా వచ్చిన కాలంలో ఐరోపావాళ్ళు సముద్రాలనుకొని లాటిన్‌లో మేర్ అన్నారు. 1651లో రిచోలీ అనే ఇటలీ పాదిరీ పటం గీసి శాంతి సముద్రం, ప్రసన్న సముద్రం, వానల సముద్రం అని పేర్లు పెట్టాడు. పేర్లు నిలిచిపోయాయి, నీళ్ళు మాత్రం ఎప్పుడూ లేవు. అవి 300 కోట్ల ఏళ్ళకు పైబడిన కాలంలో లోపలి నుంచి పొంగి గడ్డకట్టిన లావా మైదానాలు, నల్లని బసాల్టు రాయి. 1969 జులై 20న మనుషులు మొదట దిగింది ఆ శాంతి సముద్రంలోనే, బూట్లు తడవలేదు. మచ్చల మధ్య తెల్లగా మెరిసేవి ఉన్నత భూములు, యింకా పాతవి. అక్కడి రాయి అనార్థొసైట్. చంద్రయాన్-3 రోవర్ పరీక్షించిన మట్టి కూడా ఆ జాతిదే. దిగే ముందు యిక్కడ రిహార్సలు చేయడానికి ఇస్రోవారు తమిళనాడు నమక్కల్ జిల్లాలో దొరికే అనార్థొసైట్ రాతిని పొడికొట్టి చంద్రుడి మట్టిలాంటిది తయారుచేసుకున్నారు. మన హబ్సిగూడ, నాచారం గుట్టల నల్లరాయి సుమారు 250 కోట్ల ఏళ్ళది, అదీ ముసలి రాయే. చంద్రుడి ఉన్నత భూముల రాళ్ళు 400 కోట్ల ఏళ్ళు దాటినవి.

మట్టి అన్నాము గాని ఆ మాట కూడా సరికాదు. మట్టి అంటే అందులో తేమ, ఆకుల కుళ్ళు, వానపాములు వుంటాయి. అక్కడిది ఉల్కలు కోట్ల ఏళ్ళు దంచగా మిగిలిన రాతిపిండి. ఇంగ్లీషులో రెగొలిత్. గాలీ నీరూ లేవు గనక రేణువుల మొనలు అరగలేదు, గాజుపొడిలాగా గుచ్చుకుంటుంది. చంద్రయాన్-3 అందులోకి ఒక ఉష్ణమాపకాన్ని గుచ్చింది. పైన 50 డిగ్రీలకు మించిన వేడి, 8 సెంటీమీటర్ల లోతున సున్నాకు కింద 10 డిగ్రీలు! జానెడు కూడా లేని లోతులో మే నెలా, మంచుగడ్డా పక్కపక్కన. ఆ పిండి వేడిని అంత గట్టిగా ఆపుతుంది. ఆ విక్రమ్‌లోనే నేల కదలికలు కొలిచే పరికరం కూడా వుంది. చంద్రుడి మీదివాటిని చంద్రకంపాలు అంటారు. మన ఎన్.జి.ఆర్.ఐ. భూకంపాలకు చేసే పనినే అక్కడ ఒక చిన్న పెట్టె చేసింది.

క్రేటర్ అంటే బిలం, ఉల్క తగిలి ఏర్పడ్డ గుంట. అవతలి వైపు అంటే చంద్రుడు మనకు ఎన్నడూ చూపని ముఖం. గానుగెద్దును చూసినవాళ్ళకు యిది చెప్పనక్కర్లేదు, ఎంత తిరిగినా రోలుకు ఎప్పుడూ ఒకే పక్క చూపిస్తుంది. పేపర్లవాళ్ళు దాన్ని చీకటి వైపు అంటారు, అది శుద్ధ తప్పు. మనకు అమావాస్య అయినప్పుడు అక్కడ పట్టపగలు. 1959 అక్టోబరులో రష్యావారి లూనా-3 దాన్ని మొదట ఫోటో తీసింది. 2019 జనవరి 3న చైనావారి చాంగ్-4 అక్కడ దిగింది.

ఆ బిలాలకు పేర్లున్నాయి. రిచోలీ పటంలో ఖగోళ పండితుల పేర్లు పెట్టే పద్ధతి వచ్చింది. ఆ పేర్లు చూస్తే మన పిల్లలు కుర్చీలోంచి లేచారు. అల్బటేగ్నియస్ అంటే అల్ బత్తానీ. అర్జాఖెల్ అంటే టొలేడోలో పనిచేసిన అల్ జర్ఖాలీ. అబుల్ఫెదా, ఉలూగ్ బేగ్ వున్నారు. అల్‌హాజెన్ అంటే కాంతిశాస్త్రం రాసిన ఇబ్న్ అల్ హైసమ్. అవతలి వైపు అల్ బిరూనీ, అల్ ఖ్వారిజ్మీ. మన దేశంవారిలో ఆర్యభట, భాభా, సారాభాయి, రామన్ వున్నారు. పేర్లు విని గర్వపడి యింటికి పోయి నిద్రపోవడం మాకు యిష్టం లేదు. అందుకే అల్‌ఫ్రాగానస్ కథ ఒకటి చెప్పాలి. ఆయన అల్ ఫర్‌ఘానీ, తొమ్మిదో శతాబ్దంవాడు. భూమి చుట్టుకొలతలో ఒక డిగ్రీకి 56⅔ మైళ్ళు అని రాశాడు. ఆయన రాసింది అరబ్బీ మైళ్ళలో. ఆరు వందల ఏళ్ళ తర్వాత కొలంబస్ ఆ పుస్తకాన్ని లాటిన్‌లో చదివి వాటిని చిన్నవైన రోము మైళ్ళనుకున్నాడు. భూమి అసలు కన్న చిన్నదనుకొని, పడమరగా పోతే ఇండియా దగ్గరేనని బయలుదేరాడు. మధ్యలో అమెరికా అడ్డం రాకపోతే ఆకలితో చచ్చేవాడు. మైలు అనే ఒక్క మాట అర్థం తెలియకపోవడం వల్ల అంత పని జరిగింది.

మనకు బాగా దగ్గరైన మాట మరొకటి వుంది. ప్రతి రంజాన్ నెల ఆఖరున ఫోన్ల మీద ఫోన్లు, "చాంద్ కనిపించిందా?" అని. శాస్త్రవేత్తలు "న్యూ మూన్ ఫలానా గంటకు" అని పేపర్లో రాస్తారు. అది చూసి "చంద్రుడు పుట్టాడట, ఎందుకు ప్రకటించరు" అని కుర్రవాళ్ళు వాదిస్తారు. న్యూ మూన్ అంటే అమావాస్య క్షణం, సూర్యుడూ చంద్రుడూ ఒకే దిక్కున వున్న సమయం, అప్పుడు కనిపించేది ఏమీ లేదు. హిలాల్ అంటే, తెలుగులో నెలవంక అంటే, కంటికి కనిపించే సన్నని వంపు. ఆ క్షణం దాటి కనీసం పదిహేను గంటలైనా గడవనిదే మామూలు కంటికి కనబడటం దాదాపు అసాధ్యం, చాలాసార్లు ఒక రోజు పడుతుంది. ఒక అమావాస్య నుంచి మరో అమావాస్యకు సగటున 29 రోజుల 12 గంటల 44 నిమిషాలు. అందుకే నెల ఒకసారి 29, ఒకసారి 30. ఏ పద్ధతిలో నిర్ణయించాలన్నది ఉలేమాల పని, అందులో మేము తల దూర్చము. రెండు వేర్వేరు సంగతులకు ఒకే మాట వాడి యింట్లో తగువు పెట్టుకోవద్దని మాత్రం మా మనవి.

ఇన్ని భాషల్లో శాస్త్రం చెప్పడం కుదిరే పనేనా అని అడుగుతారు. ఈ ఊళ్ళోనే కుదిరింది. 1917లో ఇక్కడ దారుత్తర్జుమా, అనువాద శాఖ, ఏర్పడింది. మౌల్వీ అబ్దుల్ హఖ్ దాన్ని నడిపినవారు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో భౌతికం, వైద్యం, ఇంజనీరింగు కూడా 1948 దాకా ఉర్దూలో చెప్పారు. మాటలు ఎలా తయారుచేయాలనే దాని మీదే వహీదుద్దీన్ సలీమ్‌గారు ఒక పుస్తకం రాశారు. తర్వాత 1968లో వచ్చిన తెలుగు అకాడమీ తెలుగుకు ఆ పని చేసింది. ఆ పాత మాటల్లో కొన్ని నోరు తిరగనివి, అవి పోతేపోనీ. రాకెట్టును రాకెట్టనే అనాలి. బేగంపేటలో నిజామియా అబ్జర్వేటరీ వుండేది, 1901లో నవాబ్ జఫర్ జంగ్ సొంత దుర్భిణీతో మొదలుపెట్టినది. అక్కడివాళ్ళు ఆకాశంలో తమ వంతు భాగంలో లక్షల నక్షత్రాల స్థానాలు కొలిచి ప్రపంచ పట్టికకు యిచ్చారు. అక్కడి ఉద్యోగి కొడుకే వేణు బప్పు, తర్వాత దేశంలోకెల్లా పెద్ద ఖగోళ శాస్త్రవేత్త అయ్యారు. ఇంటి పక్కన అబ్జర్వేటరీ వుండటం ఆయనకు కలిసివచ్చింది. మన పిల్లలకు యింటి పక్కన ఎన్.జి.ఆర్.ఐ. వుంది, ఇ.సి.ఐ.ఎల్. వుంది.

కనుక సంఘం పెద్దలకు మా కోరిక రెండు ముక్కలు. పదో తరగతి పాసై సైన్సు తీసుకునే ప్రతి పిల్లకూ, పిల్లవాడికీ, ఉపకార వేతనంతోపాటు ఎండాకాలం సెలవుల్లో నలభై రోజులు మాటల తరగతి పెట్టండి. భౌతికం, రసాయనం, లెక్కలు కలిపి నాలుగైదు వందల మాటలకు మించవు, మూడు భాషల్లో. దీనికి కావలసింది ఒక గది, ఒక బోర్డు, పాఠం చెప్పగల యిద్దరు. రెండోది, మన దగ్గరున్న పాత బైనాక్యులర్ సంఘం బీరువాలో తాళంలో వుంది, దాన్ని బయటికి తీయండి.

వచ్చే నెల చాంద్ ఎనిమిదో రాత్రి ఆకాశం తేటగా వుంటే ట్యూషను మేడ మీద చూపిస్తాము. మగరిబ్ తర్వాత రండి. సగం చంద్రుడు నడినెత్తిన వుంటాడు. పడమటి అంచు దగ్గర చిన్న గుండ్రని నల్లమచ్చ ఉత్త కంటికే కనిపిస్తుంది, దాని పేరు సంకటాల సముద్రం. దాని పక్కన పెద్ద మచ్చ శాంతి సముద్రం. వెలుగూ చీకటీ కలిసే గీత వెంట నీడలు పొడుగ్గా పడతాయి గనక బిలాలు అక్కడే బాగా తెలుస్తాయి. ఆ గీత నడిమధ్య దగ్గర ఒకదాని కింద ఒకటి మూడు పెద్ద బిలాలు వుంటాయి, మూడోది అల్ జర్ఖాలీది. పై దాని పక్కన, వెలుగు వైపు, అల్ బత్తానీది. బైనాక్యులర్‌ను గోడకు ఆనించి చూడాలి, చేతులు వణికితే ఏమీ కనపడదు. మేడ మెట్ల దగ్గర దీపం లేదు, చిన్నపిల్లల్ని చెయ్యి పట్టుకొని తీసుకురండి.

ఖుదా హాఫిజ్.